మా అమ్మ పేరున్న చెంబు

ఒట్టు వేయమంటే వేస్తాను. పిల్లల మీద మాత్రం వేయను. మా ఆయన మీద వేస్తాను. ఆయన గట్టిపిండం, ఏమీ కాదు. పైగా ఆ రాత్రి ఆయన కూడా అక్కడే ఉన్నాడు... అంటే కొంచెం దూరంలో, ఆటో కింద దూరి, కాళ్లు మాత్రం బయటపెట్టి. సాక్ష్యం కావాలంటే ఆయన కాళ్లే సాక్ష్యం.

నవ్వండి. నవ్వేవాళ్లను నేను ఆపను. ఇది జరిగి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే లేచి ఇంటి ముందు ఇడ్లీలు అమ్ముకునేదాన్ని నేను. దయ్యాల ముచ్చట్లు చెప్పుకుంటూ కూర్చునే తీరిక నాకెక్కడిది? నాకు బల్లి అంటే భయం. బల్లి కనబడితే ఇల్లు వదిలి వీధిలోకి పరుగెత్తుతాను. దయ్యమంటే మాత్రం ఎప్పుడూ భయం లేదు. ఆ రాత్రి దాకా.

ముందు చెంబు సంగతి చెప్పాలి. లేకపోతే మీకేమీ అర్థం కాదు.

మా అమ్మ పెళ్లికి మా తాత పెట్టిన ఇత్తడి చెంబు అది. మెడ దగ్గర అమ్మ పేరు కొట్టించాడు. ఇప్పటిలా మిషనుతో గీసే పేరు కాదు. చిన్న ఉలి పెట్టి సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టేవాళ్లు. ఈదమ్మ అని ఉండేది. ఒకసారి అడుగున చిల్లు పడితే అమ్మ దానికి మాటు వేయించింది. వేసినవాడు సరిగా వేయలేదు. మాటు కొంచెం పొడుచుకొచ్చింది. అందుకని చెంబు నేల మీద పెడితే వెంటనే నిలబడేది కాదు. ఇటు ఒరిగి, అటు ఒరిగి, ఆ తర్వాతే కుదురుకునేది. టక్... టక్... అని రెండు చప్పుళ్లు.

అమ్మకు చదువు రాదు. నేను బడిలో చేరిన కొత్తలో చెంబు నా ముందు పెట్టేది. “నా పేరు యాడుందో సూపియ్యి” అనేది. నేను వేలు పెట్టి ఒక్కో అక్షరం మీద జరిపేదాన్ని. ఆమె మురిసిపోయేది. నాకు పద్నాలుగేళ్లప్పుడు పోయింది. ఒక్క ఫొటో లేదు. ఉన్న ఎకరం మా నాన్న పేరు మీద ఉంది. రేషన్ కార్డులో పేరుండేదట. అది ఒక వానాకాలం కప్పు కారి నానిపోయింది. మా అమ్మ పేరు రాసి ఉన్న చోటు ఈ భూమ్మీద ఆ చెంబు ఒక్కటే.

దాన్ని నేను ఇచ్చేశాను. దేనికో తెలుసా? మూతలున్న స్టీలు డబ్బాలకు!

ఎనిమిదేళ్ల కిందట దసరాకు ఇల్లు కడుగుతున్నాను. వంటింట్లో కొత్తగా నల్లబండ వేయించుకున్నాం. దాని మీద అన్నీ తళతళలాడాలి, పాత సామాను ఒక్కటి కూడా కనబడకూడదని నాకు పిచ్చి పట్టింది. సరిగ్గా అప్పుడే వీధిలో “పాత సామాన్లకు కొత్త గిన్నెలూ...” అని గంప ఎత్తుకుని ఒకామె వచ్చింది. పాడైన కుక్కరు, సొట్టపోయిన తపేలా, కట్టని చీరలు తెచ్చి కుప్ప పోశాను. ఆమె ఇంకేమైనా ఉందా అంది. నా కళ్లు చెంబు మీద పడ్డాయి.

ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

“అక్కా, గిది పేరున్న చెంబు. ఎవరిది?”

“మా అమ్మది. లేదిప్పుడు.”

“అయితే ఉత్తగ ఇయ్యకు తల్లీ. పిడికెడు బియ్యమన్న ఏసియ్యి.”

మనలో ఖాళీ గిన్నె ఎవరి చేతికీ ఇవ్వం కదా. పక్కింటివాళ్లు కూర పంపిన గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఇంత చక్కెరో నాలుగు పల్లీలో వేసి ఇస్తాం. నాకు తెలియక కాదు. చేతులు తడిగా ఉన్నాయి, బియ్యం డబ్బా అటక మీద ఉంది, నాకు బద్ధకంగా ఉంది. “పోవమ్మా, పనుంది నాకు” అన్నాను. చెంబు అలాగే ఖాళీగా ఆమె గంపలోకి వెళ్లిపోయింది.

రెండు రోజులు డబ్బాలు చూసుకుని మురిశాను. మూడోరోజు పొద్దున నీళ్లు తాగుదామని అలవాటుగా చెయ్యి చాపాను. అక్కడ చెంబు లేదు... అప్పుడు తెలిసొచ్చింది నేనేం చేశానో. వంటింట్లోనే కూలబడి ఏడ్చాను. ఆ గంప ఆమె కోసం నాగర్‌కర్నూల్ అంతా తిరిగాను. అంగడి రోజు అంగడిలో వెతికాను. పాత ఇత్తడి కొనే దుకాణానికి పోయి అడిగితే, “గవి ఎప్పుడో కరగవోసింటరు, మర్సిపో అక్కా” అన్నాడు.

మా ఆయన నా వెంట తిరిగీ తిరిగీ విసిగిపోయాడు.

“చెంబు పోయిందని గింత ఏడుస్తున్నవు. రేపు నేను పోతే గిట్ల ఏడుస్తవా?”

“నువ్వు పోతే ఇంకో ఆటో డ్రైవర్ దొరుకుతడు. చెంబు దొరకదు” అన్నాను. కోపంలో అన్నాను లెండి.

సరే, ఇక ఆ రాత్రి సంగతి.

వానాకాలం. మా ఆయనది సామాన్లు వేసే ట్రాలీ ఆటో. ఒక టీచరమ్మ లింగాల అవతల పల్లెకు ఇల్లు మారుతోంది. గాజు సామాను, గిన్నెలు జాగ్రత్తగా సర్దడానికి నన్ను కూడా రమ్మంది. అక్కడికి చేరి దించుతుంటే ఆమె అత్తగారి పాత గిన్నెలు బయటపడ్డాయి. అన్నిటి మీదా పేర్లు. చుక్కల పేర్లే. “గివన్నీ ఎవరికన్న ఇచ్చేస్త అక్కా, జాగ లేదు” అంది టీచరమ్మ, చిన్నపిల్లే. నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. కూర్చోబెట్టి నా చెంబు కథంతా చెప్పాను. ఆ పిల్ల గిన్నెలు మళ్లీ గోనెసంచిలో పెట్టి అటక ఎక్కించింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, దాచడం నాకిష్టం లేదు. ఆ రోజంతా నా మనసులో చెంబే ఉంది. మా ఆయన ఇప్పటికీ అదే పట్టుకుని వేలాడతాడు. “పొద్దంత చెంబు చెంబని కలవరిచ్చినవు, రాత్రికి చెంబు కనవడ్డది” అంటాడు. మీరూ అలాగే అనుకోవచ్చు. కానీ పూర్తిగా వినండి.

టీచరమ్మ ఉడకబెట్టిన పల్లికాయలు ఇన్ని కొంగులో పోసింది. చీకటి పడుతుండగా బయల్దేరాం. దారి పొడుగునా నేను వలుచుకుని తింటూనే ఉన్నాను. ఉప్పు ఎక్కువేసి ఉడకబెట్టింది. సీసాలో నీళ్లు అయిపోయాయి. వాన పడి వెలిసింది. చుట్టుపక్కల కరెంటు పోయినట్టుంది, ఎక్కడా ఒక్క దీపం లేదు. అప్పుడు ఆటో గుర్ర్... గుర్ర్... అని రెండుసార్లు మూలిగింది. ఆగిపోయింది.

మా ఆయన ఫోను లైటు వేసుకుని కిందికి దూరాడు.

“ఏమయ్యా, అయితదా?”

“జర సప్పుడు చెయ్యకుండ కూసో.”

కూర్చున్నాను. ఎంతసేపని కూర్చోను? నోరు పిడచకట్టుకుపోతోంది. కప్పలు ఒకటే అరుపు. రోడ్డు పక్కన పల్లి చేను. దాని గట్టు మీద... ఒక చిన్న గది. ముందు రేకు. రేకు కింద అరుగు. అరుగు మీద బుడ్డి దీపం.

“నీళ్లు తాగొస్త” అని చెప్పి దిగాను. ఆయన ఊఁ అన్నాడు. ఇప్పుడడిగితే అనలేదంటాడు.

బురదలో చెప్పులు దిగబడుతున్నాయి. కొంగు ముడి ఒక చేత్తో పట్టుకుని గట్టు మీద నడిచాను. మామూలుగా చేను దగ్గరి ఇంటికి పోతే మనిషి కంటే ముందు కుక్క పలుకుతుంది. అక్కడ కుక్క లేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఇంటికొచ్చి పడుకున్నాక తట్టింది.

“అమ్మా... ఎవరన్న ఉన్నరా?”

రేకు చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. తప్... తప్... తప్.

“రా బిడ్డా. దూపయితుందా?”

ఆగిపోయాను. దాహమని నేను ఇంకా చెప్పనేలేదు.

అరుగు మూలన గోడకు ఆనుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. కొంగు తల మీదుగా కప్పుకుంది. దీపం ఆమె వెనక ఉంది. ముఖం కనబడదు. అయినా చేను దగ్గర ఉండే ముసలామే కదా, రోడ్డు మీద బండి ఆగడం చూసుంటుంది, నీళ్లకు కాకపోతే ఎందుకొస్తారు ఎవరైనా... అనుకుని అరుగు అంచున కూర్చున్నాను.

ఆమె లేవలేదు. పక్కన కుండ ఉన్నట్టుంది. చెయ్యి చాపింది. బుడుంగ్ మని చప్పుడైంది. నీళ్లు కారే చప్పుడు. నా ముందు బండ మీద పెట్టింది.

టక్...

టక్...

నిజం చెప్తున్నా. ఆ రెండు చప్పుళ్లు నేను పుట్టిన దగ్గర్నుంచి విన్నవి. నిద్రలో విన్నా గుర్తుపడతాను.

చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత రెండు చేతులతో ఎత్తాను. ఆ బరువు నా చేతులకు తెలుసు. బొటనవేలు దానంతటదే మెడ దగ్గరికి పోయింది. చుక్కలు. గరుకుగా. ఈ... ద... మ్మ. వేలు కిందికి జరిపాను. అడుగున మాటు. పొడుచుకొచ్చిన మాటు.

ఇలాంటప్పుడు కప్పలు అరుపు ఆపేస్తాయని చెప్తారు కదా. ఆపలేదు. వాటి పాటికవి అరుస్తూనే ఉన్నాయి. అంతా మామూలుగానే ఉంది. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

తాగాను. ఏం చేయను, దాహం దాహమే కదా. చల్లని నీళ్లు. ఆత్రంలో సగం గడ్డం మీదుగా జాకెట్ మీద పోసుకున్నాను. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాను.

“అవ్వా... గీ చెంబు యాడిది?”

“ఉన్నదే బిడ్డా.”

“దీని మీద పేరుంది.”

“ఉంటదేమో. నాకు సదువు రాదు. నువ్వు సదువు.”

చదువు రాని ముసలామె ఎవరైనా ఆ మాటే అంటుంది. నాకు తెలుసు. అయినా అది మా అమ్మ అడిగే మాటే. వేలు ఆ చుక్కల మీదే పెట్టి మెల్లగా అన్నాను.

“ఈదమ్మ.”

“ఇంగోపారి సదువు.”

“ఈదమ్మ.”

“ఇంగోపారి.”

మూడోసారి చదివేటప్పటికి నేను ఏడుస్తున్నాను. ఆమె ముక్కుతో చిన్నగా నవ్వింది. “మంచిగుంది” అంది. అంతే. పేరు మంచిగుందో, చదవడం మంచిగుందో, నాకు తెలియదు.

లేచి పారిపోవాలని లేదు. ఇలా చెప్తే మీరు నమ్మరు. ఒక పక్క భయంతో చచ్చిపోతున్నాను, ఇంకో పక్క అక్కడే ఇంకాసేపు కూర్చోవాలని ఉంది. ఆ గొంతు మా అమ్మ గొంతేనా అని చెవులు రిక్కించి వింటున్నాను. మా అమ్మ గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు... అదీ నా ఏడుపు. గుర్తుంటే ఆ రాత్రే తేలిపోయేది.

ఎక్కడి ధైర్యం వచ్చిందో, అడిగేశాను.

“అవ్వా, గిది మా అమ్మ చెంబు. బుద్ధి లేక ఇచ్చుకున్న. నాకియ్యి. దీనికి బదులు బిందె తెచ్చిస్త. ఏదంటే గదే తెచ్చిస్త.”

రేకు మీది నీళ్లు... తప్... తప్...

“నీకిస్తే నేను దేంట్ల తాగాలె బిడ్డా?”

కోపం లేదు ఆ గొంతులో. వెటకారం లేదు. చిన్నపిల్లను అడిగినట్టు అడిగింది.

అప్పుడే రోడ్డు మీద ఆటో భర్రుమంది. మా ఆయన హారను కొడుతున్నాడు. “లచ్చిమీ! యాడ సచ్చినవే!” బండి తిప్పినట్టున్నాడు, లైటు చేను మీదుగా జరుగుతూ వచ్చి అరుగు మీద పడింది. ఒక్క క్షణం. ఆ వెలుగులో ఆమె ముఖం చూడొచ్చు. నేను చూడలేదు. నేను చెంబు మీది పేరు చూశాను. ఆ చుక్కలు చూశాను. అంతలో వెలుగు పక్కకు పోయింది.

ఎందుకు తల ఎత్తలేదని మా ఆయన వంద సార్లు అడిగాడు. పేరు కనబడుతుంటే ఇంకెటు చూస్తాను?

కొంగులో ఇంకా పల్లికాయలు మిగిలి ఉన్నాయి. ముడి విప్పి అవన్నీ చెంబులో పోశాను. ఈసారి ఖాళీగా ఇవ్వలేదు. చీకట్లో చాపాను. ఎదుటి నుంచి ఒక చెయ్యి అందుకుంది. గరుకు చెయ్యి. చల్లగా ఉంది... వాన రాత్రి ఎవరి చెయ్యైనా చల్లగానే ఉంటుంది కదా. ఇక ఒకటే పరుగు.

ఆటో ఎక్కి వెనక్కి చూస్తే దీపం లేదు. గాలికి ఆరిపోయిందేమో.

“యాడికి పోయినవే?”

“గా గదికాడ నీళ్లు తాగిన.”

“గాడ ఎవరున్నరే? నాకు దీపమే కనవడలే.”

“నువ్వు ఆటో కింద ఉంటివి. నీకేం కనవడ్తది?”

ఆయన నా జాకెట్ తడి చూసి ఊరుకున్నాడు. మీరు ముందు అడగబోయేది జ్వరమొచ్చిందా అని. రాలేదు. ఇంటికి పోయి రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను. పడుకోగానే నిద్ర పట్టింది. అంత హాయిగా పడుకుని ఎన్నేళ్లయిందో. మర్నాడు ఇడ్లీలు ఆలస్యమయ్యాయని జనం తిట్టారు కూడా.

నాలుగో రోజు పగటిపూట మళ్లీ పోయాం. మార్పిడికి కొత్త ఇత్తడి చెంబు కొన్నాను. మెరిసిపోతోంది. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గది అక్కడే ఉంది. అరుగుంది, రేకుంది. తలుపుకు తాళం. చేనులో ఒక రైతు కలుపు తీస్తున్నాడు.

“గీడ ఎవరుంటరమ్మా? మోటార్ రూము గిది” అన్నాడు.

“ఒక ముసలవ్వ ఉండె. మొన్న రాత్రి. కుండ ఉండె.”

“కుండ యాడిది? మేం సీసాలే తెచ్చుకుంటం.” కాసేపు ఆలోచించాడు. “కూలికొచ్చేటోళ్లు వాన పడితే గీ రేకు కిందనే కూసుంటరు. వాళ్లల్ల ముసలోళ్లు సుత ఉంటరు. గా పల్లె నుంచి వస్తరు. ఆమె ఎవరన్న ఆగిపోయిందేమో. గని గంత రాత్రి... ఏమో అమ్మా, నాకు తెల్వదు.”

రైతు చూపించిన పల్లె కనబడుతూనే ఉంది. కిలోమీటరు కూడా ఉండదు. నలభై ఇళ్లుంటాయేమో.

మా ఆయన చిత్రంగా హుషారయ్యాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నా చెంబును ఆయన గట్టిగా పట్టించుకున్నాడు. ఆటో ఆ పల్లె వైపు తిప్పాడు.

“నడువు. ఇంటింటికి అడుగుదం. ఈదమ్మ చెంబు ఎవలింట్ల ఉందో పొద్దుగూకే లోపల తేల్తది. ఉంటే ఉంది, లేకుంటే లేదు. నీ పరేషాన్ తీరుతది, నాదీ తీరుతది.”

నిజమే. నలభై ఇళ్లు. ఏదో ఒక ఇంట్లో ఆ ముసలామె ఉంటుంది. ఎక్కడో పాత సామాన్లలో కొనుక్కుని ఉంటుంది. కొత్తది చేతిలో పెట్టి పాతది తెచ్చేసుకోవచ్చు. మా అమ్మ పేరు మళ్లీ నా ఇంట్లో ఉంటుంది. ఆరేళ్లు ఏడ్చింది దానికోసమే.

లేదా, ఏ ఇంట్లోనూ ఉండదు.

ఆటో కదిలింది. పల్లె మొదటి ఇల్లు కనబడుతోంది. ఎవరో ఆడమనిషి వాకిట్లో గిన్నెలు తోముతోంది.

“ఆపు” అన్నాను. “ఇంటికి తిప్పు.”

“ఏందే? ఆరేండ్ల సంది నా పానం తింటివి గద చెంబు చెంబని!”

“ఒద్దు. ఎవరో తాగుతున్నరు గద దాంట్ల. తాగనీ.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు.

“ఎవరే?” అన్నాడు, మెల్లగా.

“తెల్వదు.”

నిజంగా తెలియదు. ఆరోజూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కానీ ఆ చెంబు గురించి ఆ రాత్రి తర్వాత ఒక్కసారి కూడా ఏడవలేదు. ఒకసారి మా అమ్మ చెంబు ఎవరికో ఇచ్చేశాను. రెండోసారి ఆమె చేతిలోంచే లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు.